నలభై మెత్తటి టోపీలు

ఇరవై రెండేళ్లుగా ప్రభుత్వ కొబ్బరి క్షేత్రంలో స్టోరుకీపరుగా ఉన్నాను. గునపం వస్తే గట్టిగా ఉందో లేదో చూసి దించుకున్నాను. గెస్టుహౌసుకి పరుపు వస్తే మెత్తగా ఉందో లేదో చూసి దించుకున్నాను. ఒకే వస్తువు మెత్తగానూ ఉంటుంది, గట్టిగానూ ఉంటుంది, దించుకో అని కాగితం వచ్చేసరికి, పై ఆఫీసులో టైపు కొట్టినవాడికి నిద్ర చాల్లేదేమో అనుకున్నాను. తప్పు నాదే. పై ఆఫీసులో నిద్ర చాలనివాళ్లు ఎవరూ ఉండరు.

ఆ కాగితం మీద ఇలా ఉంది: "విషయము: కొబ్బరి చెట్ల క్రింద పనిచేయు శ్రామికుల శిరోరక్షణార్థము ద్రవపూరిత శిరస్త్రాణముల సరఫరా గురించి." రెండోసారి చదివితే గాని అది టోపీల సంగతని తెలియలేదు. ఆ రెండోసారి పైకి చదివాను. గుమ్మం దగ్గర మంగాయమ్మ నిలబడి ఉంది.

మంగాయమ్మ మా క్షేత్రంలో కాయలు ఏరే మనిషి. దింపు రోజున మగవాళ్లు చెట్టెక్కి గెలలు నరుకుతారు, ఆడవాళ్లు కింద పడ్డ కాయలు ఏరి రాశి పోస్తారు. పైనుంచి "కాయ్!" అని కేకేస్తారు గాని, కేక కన్నా కాయే ముందు దిగే రోజులుంటాయి. అలాంటి ఒక రోజున ఆవిడ మొగుడు బుల్లెబ్బాయి కావిడి ఎత్తుకోబోతున్నాడు. కాయ తల పక్కగా కొట్టి భుజం మీద పడింది. ఎడం చెవి పోయింది, ఎడం చెయ్యి భుజం పైకి లేవదు. రెండేళ్ల నుంచి అతను గేటు దగ్గర కాపలాగా స్టూలు మీద కూచుంటున్నాడు, ఈవిడ తల మీద గోనెపట్టా మడిచి పెట్టుకుని చెట్ల కింద తిరుగుతోంది. గోనెపట్టా కాయని ఆపదని ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు.

"స్టోరు బాబుగారండీ, ఆ టోపీలు మాకేనాండి?"

"మీకేనమ్మా."

"పైనెల దింపుకి ఉంటాయాండి? మొన్న దింపులో ఇదుగో, ఇక్కడ పడిందండి కాయ. బెత్తెడు దూరమండి. ఇంటికెళ్లి అన్నం కలుపుకున్నానండి బాబూ. ముద్ద నోటి దాకా రాలేదు. ఆయనకి చెప్పలేదు."

"పైనెల దింపుకి టోపీ నీ నెత్తి మీద ఉంటుంది, వెళ్లు," అనేశాను. స్టోరుకీపరన్నవాడు సంతకం పెట్టొచ్చు గాని మాటివ్వకూడదు. ఆ సంగతి నాకు ఇరవై రెండేళ్లుగా తెలుసు.

టోపీలకి ముందు అవగాహన సదస్సు వచ్చింది. మాకు ఏ వస్తువు వచ్చినా ముందు సదస్సు వస్తుంది, కొన్నిసార్లు సదస్సే వచ్చి ఊరుకుంటుంది. ఆ టోపీని తయారు చేసింది పాలిటెక్నిక్ కాలేజీలో పాఠాలు చెప్పే హైమవతి గారు. సన్నగా, చురుగ్గా, మాట మీద మాట వేసుకుంటూ పోయే మనిషి. ఆవిడ ఒక బేసినులో మొక్కజొన్న పిండి, నీళ్లు పోసి కలిపి, మా జాయింట్ డైరెక్టరు పరంధామయ్య గారి ముందు పెట్టారు.

"వేలు నెమ్మదిగా ముంచండి సార్."

ముంచారు. వేలు మజ్జిగలోకి దిగినట్టు దిగింది.

"తీసేసి, ఇప్పుడు గుప్పిటతో గట్టిగా గుద్దండి."

పరంధామయ్య గారు చుట్టూ చూశారు. ఆయన తన సర్వీసులో దేన్నీ గట్టిగా గుద్ది ఎరగరు. మొత్తానికి గుద్దారు. ఒక్క చుక్క చిందలేదు, గుప్పిట గోడకి తగిలినట్టు ఆగిపోయింది.

"ఓహో!" అన్నారు చెయ్యి విదుల్చుకుంటూ. "మంత్రమా?"

"కాదు సార్. నీళ్లలో పిండి రేణువులున్నాయి కదా. నెమ్మదిగా వెళ్తే పక్కకి జరిగి దారిస్తాయి. ఒక్కసారి మీద పడితే జరిగే వ్యవధి ఉండదు, ఒకదానికొకటి బిగుసుకుపోతాయి. సినిమా వదిలినప్పుడు జనం ఒక్కొక్కరే వస్తే గుమ్మంలోంచి అందరూ వచ్చేస్తారు. ఒక్కసారి తోసుకుంటే ఎవరూ రాలేరు. అంతే. టోపీలో పిండి ఉండదు, అంతకంటే మేలైన సన్నటి పొడి చిక్కటి ద్రవంలో కలిపి గుడ్డ పొరలకి పట్టించాం. తలకి దూదిలా ఉంటుంది, కాయ పడితే రాయవుతుంది."

పరంధామయ్య గారు లేచి ఉపన్యసించారు. "నెమ్మదిగా వచ్చినవారికి దారి ఇచ్చుట, తొందరపెట్టినవారికి బిగుసుకొనుట. ఈ ద్రవము నేడు కనిపెట్టినది కావచ్చును గాని, మన శాఖ నలభై ఏండ్లుగా ఈ సూత్రము మీదనే నడుచుచున్నది." అందరం చప్పట్లు కొట్టాం. ఆయన దాన్ని పొగడ్తగానే అన్నారు.

పది రోజులకి నలభై టోపీలొచ్చాయి. మంగాయమ్మ వచ్చి ఒక్కటి ముట్టుకుని, "మెత్తగా ఉందండి, తలనెప్పి రాదు," అని మురిసిపోయింది. కాని పరీక్ష కాకుండా ఇవ్వడానికి వీల్లేదు. పరీక్షకి కమిటీ వేశారు. అధ్యక్షులు పరంధామయ్య గారు, నిపుణురాలు హైమవతి గారు, ఇంకొక సభ్యుడు ఆడిట్ సూపరింటెండెంటు లింగమూర్తి గారు. ఈయన నిప్పుని కూడా వేడిగా ఉందని ధ్రువీకరణ పత్రం చూపిస్తేగాని నమ్మరు. రాసుకోవడానికి నేను.

లింగమూర్తి గారు టోపీని బొటనవేలితో నొక్కారు. మళ్లీ నొక్కారు. మామిడిపండు బేరమాడేవాడిలా నాలుగు పక్కలా నొక్కి, "మెత్తగా ఉంది. రాయండి," అన్నారు నాతో.

"నొక్కితే మెత్తగానే ఉంటుందండీ. కొట్టి చూడాలి," అన్నారు హైమవతి గారు.

"అమ్మా, పరీక్షలో నెగ్గితేగాని అది స్టాకు రిజిస్టరులో ఎక్కదు. రిజిస్టరులో ఎక్కని వస్తువుని కొట్టడానికి మనమెవరం? పాడైతే?"

"కొడితే పాడవదండీ! అదే కదా దాని పని!"

"పాడవదని తేలిన తర్వాత నిరభ్యంతరంగా కొట్టవచ్చును."

హైమవతి గారు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. పరంధామయ్య గారు రాజీ చేశారు. టోపీ ప్రభుత్వానిదే, కాయా ప్రభుత్వానిదే. దేనికీ దెబ్బ తగలకుండా ఒకదాని మీద ఒకటి పడాలి. లేతబొండాల గెలని తాడు కట్టి దించుతాం గదా, పగిలిపోకుండా? అలాగే కాయని దించితే సరి.

తలకి బదులు ఒక మట్టికుండ బోర్లించి దానికి టోపీ పెట్టాం. చెట్టు మీద మనిషి కాయకి తాడు కట్టి దించాడు. "జాగ్రత్త... నెమ్మది... ఇంకా నెమ్మది!" అని కింద కమిటీ. కాయ పాపం పెళ్లికూతురు పీటల మీద కూచున్నంత వినయంగా వచ్చి టోపీ మీద కూచుంది. టోపీ లొట్టపడింది.

"చూశారా!" అన్నారు లింగమూర్తి గారు. నాచేత రాయించారు: "సదరు శిరస్త్రాణము కాయను ఎంతమాత్రము ప్రతిఘటింపక లొంగిపోయినది."

"అంత నెమ్మదిగా దించితే టోపీ లేకుండా నా తల మీద పెట్టినా ఏమీ కాదండీ!"

"అనగా, టోపీ అనవసరమని నిపుణుల అభిప్రాయమా? రాయమంటారా?"

"అయ్యో రామా!" అని ఆవిడ లేచి, ఆ కాయనే రెండు చేతులతో తలపైకెత్తి, ఉన్న బలమంతా పెట్టి టోపీ మీద ఒక్కటేశారు. కాయ ఎగిరి లింగమూర్తి గారి కాళ్ల దగ్గర పడింది. ఆవిడ టోపీ తీసి చూపించారు. కింద కుండకి బీట కూడా లేదు. నేను నోరు తెరుచుకుని చూశాను. మట్టికుండండీ! వేలితో గట్టిగా కొడితే పగిలే కుండ!

లింగమూర్తి గారు కళ్లజోడు తుడుచుకున్నారు. "అనుమతి లేని దెబ్బ. దాని ఫలితాన్ని కమిటీ చూడలేదు."

నిజమే. ఆయన ఆ క్షణంలో మొహం పక్కకి తిప్పుకున్నారు.

దింపు వారం రోజుల్లోకి వచ్చింది. పరంధామయ్య గారు ఆలోచించి ఆలోచించి చివరికి దారి కనిపెట్టారు. మనిషి కొడితే కదా అనుమతి కావాలి? కాయ దానంతటది పడితే ఎవరి పూచీ లేదు. కాబట్టి కమిటీ టోపీలు పెట్టుకుని చెట్టు కింద కూచుంటుంది. ఎప్పుడు పడితే అప్పుడు పరీక్ష అవుతుంది. కాగితం మీద దీని పేరు "ప్రకృతిసిద్ధ పరీక్ష".

ఇది విని మంగాయమ్మ పరుగున వచ్చింది. "బాబుగారూ, నేను ఎలాగూ చెట్టు కిందే ఉంటానండి. టోపీ పెట్టుకుని ఆ పరీచ్చకి నేనే కూచుంటానండి."

లింగమూర్తి గారు ఆవిడకేసి జాలిగానే చూశారు. "నీకు ఇస్తే అది జారీ అవుతుందమ్మా. పరీక్ష కాకుండా జారీ చెయ్యకూడదు. మేం పెట్టుకుంటే పరీక్ష."

"మరి మీ తల మీద కాయ పడద్దేమోనండి?"

"అందుకేగా టోపీ!" అన్నారాయన.

మొదటిరోజు చెట్టు కింద మూడు కుర్చీలు, ఒక బల్ల, మంచినీళ్ల కూజా పెట్టించాను. పెద్దలు ఎండలో కూచుంటారని షామియానా కూడా వేయించాను. రెండు రోజులు కూచున్నారు. రెండో రోజు సాయంత్రం కాయ పడనే పడింది. షామియానా మీద పడి, జారి, అవతల ఇసకలో పడింది. అప్పటిదాకా మాలో ఎవరికీ తట్టలేదు. లింగమూర్తి గారు మాత్రం తొణక్కుండా రాయించారు: "షామియానా పరీక్షలో నెగ్గినది."

మూడోరోజు షామియానా పీకించాం. కాయ పడలేదు. నాలుగోరోజు ఎలుక కొరికిన కాయ ఒకటి పక్క చెట్టు నుంచి పడింది గాని, అది ప్రకృతి పడేసినట్టా, ఎలుక పడేసినట్టా అన్నదాని మీద మధ్యాహ్నం దాకా చర్చ నడిచింది. ఈ లోపల రోజూ సాయంత్రం మంగాయమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడేది. ఏమీ అడిగేది కాదు. మొహం చూసి వెళ్లిపోయేది. ఆవిడ అడిగినా బాగుండేది, కసిరైనా కసిరేవాణ్ని.

ఐదోరోజు, దింపుకి రెండు రోజుల ముందు, భోజనాలయ్యాయి. పరంధామయ్య గారు కుర్చీలో వెనక్కి వాలి హాయిగా కునుకు తీస్తున్నారు. గాలి విసిరింది. నేను చూస్తూనే ఉన్నాను. చెట్టు తలలో, మొవ్వు దగ్గర, ఎండుకాయ ఒకటి ఊగి తొడిమ వదిలేసింది. ముప్పై అడుగుల ఎత్తు. అరుద్దామని లేచాను.

తప్!

కాయ పరంధామయ్య గారి నడినెత్తిన పడి, ఎగిరి, బల్ల మీది కూజాని ముక్కలు చేసి, ఇసకలో దొర్లింది. కుర్చీ కాళ్లు జానెడు లోతు దిగబడ్డాయి. పరంధామయ్య గారు కళ్లు తెరిచి, "ఎవరయ్యా కూజా పగలగొట్టింది?" అన్నారు.

హైమవతి గారు చప్పట్లు కొడుతూ లేచిపోయారు. "పనిచేసింది! పనిచేసిందండీ!" అంటూ కళ్లు తుడుచుకుంటున్నారు. నాకూ కళ్లు చెమర్చాయి, చెప్పడానికి సిగ్గేం లేదు. దూరంగా మట్టలు చీరుతున్న మంగాయమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. దేవుడికో, హైమవతి గారికో తెలియదు.

ఆ సంతోషం మర్నాడు పదకొండు గంటల దాకా ఉంది. పదకొండుకి లింగమూర్తి గారు నివేదిక చదివారు.

"ఒకటి. కాయ పడుట వాస్తవము. రెండు. అది అధ్యక్షుల వారి శిరస్సుపై పడుట వాస్తవము. మూడు. వారికి గాయము లేదు, వాపు లేదు, నొప్పి లేదు. నిద్రాభంగము సైతము కూజా వలననే కలిగినది. నాలుగు. కావున కొబ్బరికాయ శిరస్సుపై పడుట వలన మనుష్యులకు హాని లేదని శాస్త్రీయముగా రుజువైనది. ఐదు. హాని లేనిచోట రక్షణ అనవసరము గావున శిరస్త్రాణముల జారీ ప్రతిపాదన ఇంతటితో ముగించడమైనది."

హైమవతి గారు బల్ల మీద చరిచారు. "టోపీ ఉంది కాబట్టి కదండీ హాని జరగలేదు!"

"టోపీ లేకపోతే జరుగుతుందని పరీక్ష చేశారా, అమ్మా?"

"అయితే టోపీ తీసేసి వెళ్లి కూచోండి!"

"అదెలా? ప్రమాదం కదా!" అన్నారు పరంధామయ్య గారు గాభరాగా.

లింగమూర్తి గారు నాకేసి తిరిగి, "అది రాయకండి," అన్నారు.

పరంధామయ్య గారు చెడ్డమనిషి కాదు. నన్ను పక్కకి పిలిచి, "నాకు నిజంగా నొప్పి పుట్టలేదయ్యా. పుట్టిందని అబద్ధం ఎలా సంతకం పెట్టను?" అని బాధపడ్డారు. హైమవతి గారు బేసిను చంకన పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా బస్సెక్కి వెళ్లిపోయారు.

నివేదికకి తోకగా ఆ రోజే ఇంకో కాగితం పుట్టింది. బుల్లెబ్బాయికి మెమో. కాయ పడుట వలన హాని లేదని తేలినందున, రెండేళ్ల క్రితం సదరు వ్యక్తికి హాని ఎట్లు జరిగినదో మూడు రోజులలో సంజాయిషీ ఇవ్వవలెను. గేటు దగ్గరికి వెళ్లి అతని కుడిచెవిలో గట్టిగా చదివాను. అతను శ్రద్ధగా విన్నాడు.

"అయితే నాకు ఎడంచెవి ఇనపడతందంటారాండి?"

"అలాగే రాశారు."

"ఆయ్, మంచిదేనండి," అని నవ్వాడు బుల్లెబ్బాయి. నేనూ నవ్వాను. పక్కనే అన్నం క్యారేజీ విప్పుతున్న మంగాయమ్మ నవ్వలేదు.

"రేపే దింపండి, బాబుగారూ," అంది. "మీరిత్తానన్నారండి." తిట్టినట్టు అనలేదు. ఉన్నమాట అన్నట్టే అంది. గోనెపట్టా దులిపి మడత పెట్టుకోవడం మొదలెట్టింది.

సిగ్గుతో తల కొట్టేసినట్టయింది నాకు. తర్వాత ఒళ్లు మండింది. స్టోరుకి వచ్చి తలుపేసుకుని రూల్సు పుస్తకం తీశాను. దాన్ని ఇన్నేళ్లూ ఇవ్వకుండా ఉండడానికే వాడాను. ఇవ్వడానికి ఏదైనా ఉందేమోనని వెతకడం అదే మొదటిసారి. ఉంది. పనికిరాని వస్తువులు పారవేయు విధానము, ఫారం సహా.

కారణము అన్నచోట రాశాను: "చేతితో నొక్కగా మెత్తగా ఉన్నవి. తాడుతో దించిన కాయను ప్రతిఘటింపలేదు." అబద్ధం ఒక్క అక్షరం లేదు. రెండింటికీ కమిటీ సంతకాలున్నాయి. లింగమూర్తి గారు చదివి సంబరపడిపోయారు. "మొదటినుంచీ నేను చెబుతూనే ఉన్నాను కదయ్యా!" అని మూడు ప్రతుల మీదా సంతకాలు బరికారు.

పరంధామయ్య గారు మాత్రం పారవేయు స్థలము అన్నచోట ఆగారు. అక్కడ "చెట్ల క్రింద" అని ఉంది.

"ఎప్పుడు పారేస్తారు?"

"రేపు పొద్దున్నేనండి. దింపు మొదలయ్యే ముందు."

ఆయన నా మొహంలోకి కాసేపు చూశారు. కలం తీశారు. మళ్లీ ఆగారు.

"ఎన్ని అని రాశారు?"

"నలభై అండి."

"ముప్పై తొమ్మిది చెయ్యండి," అన్నారు గొంతు తగ్గించి. "దింపు చూడ్డానికి నేనూ రావాలి కదా."

దిద్దాను. ఆయన సంతకం పెట్టారు.

మర్నాడు ఏడుగంటలకి టోపీలు రెండు గోతాల్లో వేసుకుని తోటలోకి వెళ్లి, పారేశాను. నేను పారేసిన చోటల్లా ఆడవాళ్ల తలకాయలుండటం నా తప్పు కాదు. మంగాయమ్మ తల మీదకి పారేసినప్పుడు మాత్రం గడ్డం కింద బొందు కూడా నేనే బిగించాను.

మూడో వరసలో ఉండగా కాయ పడింది. "కాయ్!" అన్న కేక తర్వాత వచ్చింది. వంగి ఉన్న మంగాయమ్మ నెత్తిన పడి కాయ నాలుగడుగులు ఎగిరింది. ఆవిడ మోకాళ్ల మీద కూలబడింది. నేను గోతాం పారేసి పరిగెత్తాను. నేను వెళ్లేసరికి ఆవిడ లేచి, పైకి చూసి, చెట్టు మీదవాణ్ని వాడి తాతముత్తాతల దాకా దులిపేస్తోంది. ఆ గొంతు విని నా ప్రాణం లేచొచ్చింది. ఆ కాయనే తీసుకెళ్లి రాశి మీద విసిరింది. అప్పుడు కూచుంది చెట్టు మొదట్లో. టోపీ తడుముకుంటూ ఏడ్చింది.

"నెప్పిగా ఉందామ్మా?"

"లేదండి." ముక్కు చీదింది. "ఆ రోజు ఆయనకీ ఇదొకటుంటేనండి..."

పక్కన కూచున్నాను. ఎదర వరసల్లో పరంధామయ్య గారు టోపీ పెట్టుకుని, కొబ్బరికాయలకి ఏ భయమూ లేని మనిషిలా తిరుగుతున్నారు.

క్షేత్రంలో ఎవరి మీద కాయ పడినా ప్రమాదాల రిజిస్టరులో రాయాలి. అది నా పనే. పుస్తకం తెరిచి తేదీ వేశాను. పడింది, దెబ్బ తగల్లేదు అని రాస్తే, టోపీలు అక్కర్లేదు లాగేసుకోండి అంటారు. తగిలింది అని రాస్తే, టోపీలు పనికిరావు లాగేసుకోండి అంటారు. పారేసిన టోపీ నెత్తి మీదికి ఎలా వచ్చిందని అడిగితే దానికి వేరే కమిటీ.

"నా గురించేనాండి, రాత్తన్నారు?" అంది మంగాయమ్మ కళ్లు తుడుచుకుంటూ.

"రాయాలా వద్దా అని చూస్తున్నాను. రాస్తే టోపీ ఊడబెరుకుతారు."

ఆవిడ గబుక్కున లేచి, రెండు చేతులతో టోపీ అదిమి పట్టుకుంది.

"అయితే నా మీద కాయే పడలేదండి," అని నాలుగో వరసలోకి వెళ్లిపోయింది.